ఏ కొండకు ఆ చెట్టే

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



దసరాకో సంక్రాంతికో మనలో చాలామంది బొమ్మల కొలువు పెడతాం. పైమెట్టు మీద కొండపల్లి దశావతారాలు, కిందిమెట్టు మీద ఏటికొప్పాక లక్కపిడతలు, ఓ పక్కగా తిరుపతి నుంచి తెచ్చుకున్న ఎర్రచందనం బొమ్మల జంట. పేరంటానికి వచ్చినవాళ్ళు రంగులు చూస్తారు, పనితనం మెచ్చుకుంటారు. చెక్క సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఈసారి ఒక్కొక్క బొమ్మనీ చేతిలోకి తీసుకుని బరువు చూడండి. కొండపల్లి బొమ్మ బెండులా తేలిగ్గా ఉంటుంది. అది తెల్ల పొణికి కర్ర. ఏటికొప్పాక పిడత ఎక్కడా పేడు లేవకుండా నున్నగా ఉంటుంది. అది అంకుడు కర్ర. తిరుపతి బొమ్మ రాయిలా బరువు. ఆ ఎర్రచందనపు చేవని నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది కూడా.

ఈ మూడూ మన తూర్పు కనుమల చెట్లే. ఒడిశాలో మహానది దగ్గర మొదలై, మన రాష్ట్రం పొడుగునా తెగుతూ అతుకుతూ తమిళనాడు దాకా సాగే కొండల వరస అది. ఎవరూ గొయ్యి తవ్వి నాటలేదు, బిందెతో నీళ్ళు పొయ్యలేదు. అయినా ఒక కొండమీద గుగ్గిలం చెట్లు గుంపుగా నిలబడితే, ఇంకో కొండమీద టేకు, వేరొక కొండమీద ఎర్రచందనం. ఎందుకిలాగ? ఏ చెట్టు ఎక్కడ ఉండాలో నిర్ణయించేదెవరు? ఈ ప్రశ్న అడవి శాఖ వాళ్ళదే కాదు, మనది కూడా. కుంకుడుకాయ, చింతపండు, ఉసిరికాయ, తేనె, అడ్డాకు విస్తరి, కొండచీపురు — ఇన్ని వస్తువులు ఆ కొండలమీంచే మన ఇళ్ళకి వస్తున్నాయి మరి.

మొట్టమొదటి సంగతి వాన. ఎంత కురిసిందన్న లెక్క ఒక్కటే చూస్తే మనం పొరబడతాం. మనకి తెలియనిదా? జీతం ఎంతన్నది ఒక లెక్క, నెలాఖరు ఎలా గడిచిందన్నది ఇంకో లెక్క. చెట్టుకి నెలాఖరు అంటే ఎండాకాలం. వాన లేకుండా ఎన్ని నెలలు నెట్టుకురావాలి అన్నదే దాని బతుకుని తేలుస్తుంది. అందుకే మన కొండల్లో చాలా చెట్లు మాఘ ఫాల్గుణాలు వచ్చేసరికి ఆకు రాల్చేస్తాయి. ఆకులున్నంతసేపూ వాటి గుండా నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. ఖర్చు తగ్గించుకోడానికి ఆకులే వదిలేసుకుంటాయన్నమాట. మద్ది, ఏగిస, చిరుమాను, టేకు అన్నీ ఈ పొదుపు తెలిసిన చెట్లే. ఆ పక్కనే వాగు గట్టున చూడండి, నేరేడు, కానుగ పచ్చగా ఉంటాయి. వేళ్ళకి నీరందుతూంటే పొదుపుతో పనేముంది?

దీనికి కొలిచి చూసిన సాక్ష్యం ఉంది. తమిళనాడులో నీలగిరుల పక్కన ముదుమలై అడవిలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1988 నుంచి 50 హెక్టార్ల స్థలాన్ని, అంటే సుమారు 125 ఎకరాలని, గీత గీసి పెట్టుకుని అందులో చిటికెన వేలంత మొక్క నుంచీ ప్రతిదానికీ అంకె కట్టి లెక్క రాస్తున్నారు. అక్కడ దొరికినవి సుమారు 70 జాతుల చెట్లు. మలేసియాలో పాసో అనే చోట అంతే స్థలంలో లెక్కవేస్తే సుమారు 800 జాతులు తేలాయి. అక్కడ వాన ఇక్కడికంటే ఎక్కువే, కానీ పదకొండు రెట్లు మాత్రం కాదు. అసలు తేడా ఏమిటంటే అక్కడ నెలల తరబడి నోరెండబెట్టే వేసవి లేదు. ఆ నేలల పాత చరిత్ర వంటి కారణాలు ఇంకా ఉన్నాయి గాని, ఎండు నెలల జల్లెడ మాత్రం చాలా పెద్దది. ఆ జల్లెడలోంచి దిగగలిగిన చెట్లే ముదుమలైలోనూ, మన కొండల్లోనూ మిగిలాయి.

మన రాష్ట్రంలోనే చూడండి. నైరుతి గాలులు పడమటి కనుమలమీద నీళ్ళన్నీ దించేసుకుని, చేతులూపుకుంటూ కడపకి వస్తాయి. అక్కడ ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. ఉత్తరాన అరకు, పాడేరు, మారేడుమిల్లి కొండలకి అటు నైరుతీ ఇటు బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలూ రెండూ నీళ్ళు మోసుకొస్తాయి. అందుకే మారేడుమిల్లి లోయల్లో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లు కనిపిస్తే, కడప కొండల్లో పొట్టి చెట్లూ ముళ్ళపొదలూ ఎక్కువ.

రెండో సంగతి ఎత్తు, వాలు. కొండమీదికి వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలదాకా చల్లబడుతుంది. విశాఖపట్నంలో చెమటలు కారుతూంటే అరకులో శాలువా వెతుక్కోడం అందుకే. అడుగున ఉన్న చెట్టు పైన ఉండదు, పైన ఉన్నది కిందికి దిగదు. ఒకే ఎత్తులో కూడా కొండకి రెండు వైపులుంటాయి. వడియాలు పెట్టుకోడానికి మేడమీద ఏ మూల ఎండ ఎక్కువసేపు కాస్తుందో మనకి కొట్టినపిండే కదా. చలికాలమంతా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి కొండకి దక్షిణపు వాలు త్వరగా ఎండిపోతుంది, ఉత్తరపు వాలు తడి నిలుపుకుంటుంది. అందుకే ఒకే కొండ రెండు వైపులా ఒకే అడవి ఉండాలని లేదు.

మూడోది నేల. నేలంటే అడుగున ఉన్న రాయి అని కూడా. ఉత్తరాంధ్ర కొండల్లో ఖొండలైట్ అనే రాయి ఎక్కువ. అక్కడి ఖోండు గిరిజనుల పేరుమీదే దానికా పేరు వచ్చింది. అది చివికి లోతైన ఎర్రమట్టి అవుతుంది. కడప, శేషాచలం కొండల్లో గట్టి క్వార్ట్‌జైట్ రాయి, పలకరాయి. మట్టి పలచన, గులకరాళ్ళు ఎక్కువ, పడిన వాన పడినట్టే జారిపోతుంది. అక్కడే, ఆ రాతి గుట్టలమీదే ఎర్రచందనం తనంతట తాను అడవిగా నిలిచింది. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండ — ఈ చుట్టుపక్కల కొండలు దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా మొలిచిన అడవి లేదు.

ఇక్కడ మనం సాధారణంగా పడే పొరపాటు ఒకటుంది. ఎర్రచందనం రాళ్ళలో పెరుగుతోంది కాబట్టి దానికి రాళ్ళంటే ఇష్టం అనుకుంటాం. నిజానికి మంచి మట్టిలో, నీరు నిలవని చోట నాటితే అది ఇంకా ఏపుగా పెరుగుతుంది. కానీ మంచి మట్టి దగ్గరికి దానికంటే ముందు పరుగెత్తే చెట్లు చాలా ఉన్నాయి. అవి గబగబా పైకి పోయి గొడుగు పట్టేస్తాయి. ఎర్రచందనం నీడ ఓర్వదు. అందుచేత మిగతావాళ్ళు ఉండలేని చోట తానుండటం నేర్చుకుంది. చెట్టు ఉన్న చోటల్లా దానికి నచ్చిన చోటు కాదు. చాలాసార్లు ఇతరులు రానివ్వగా మిగిలిన చోటు, తాను తట్టుకుని నిలబడ్డ చోటు. మనుషుల సంగతీ కొంచెం అంతేనేమో, మీరే ఆలోచించండి.

ఉత్తరాదిని విస్తారంగా పెరిగే గుగ్గిలం చెట్టు, అదే సాల వృక్షం, ఒడిశా మీదుగా దిగివచ్చి ఉత్తరాంధ్ర కొండల్లో ఆగిపోయింది. కారణం పోల్చుకోవడం కష్టం కాదు. దాని గింజ తొలకరికి ముందు రాలుతుంది, వారం పదిరోజుల్లో మొలవకపోతే చచ్చిపోతుంది. వాన సమయానికి రాని కొండమీద ఆ గింజకి నూకలెక్కడివి? కడప వైపు దాని స్థానంలో చుట్టం లాంటి తంబ అనే చెట్టుంది. అదీ ఆ కొండల సొత్తే.

నాలుగోది నిప్పు. అడవికి నిప్పంటే చావే అనుకుంటాం. నిప్పుని తట్టుకోడం తెలిసిన చెట్లు కూడా ఉన్నాయి. మోదుగకీ నల్లమద్దికీ బెరడు మందం. సాల మొక్కయితే ఇంకా ఓపిక. పైన మొలక కాలిపోతే కింద వేరు బతికే ఉంటుంది. మళ్ళీ చిగురిస్తుంది, మళ్ళీ కాలుతుంది. ఇలా ఏళ్ళ తరబడి జరుగుతూంటే లోపల వేరు మాత్రం లావెక్కుతూంటుంది. ఒకటి రెండేళ్ళు నిప్పు రాకపోతే చాలు, ఆ బలంతో ఒక్కసారిగా మంటకందని ఎత్తుకి లేస్తుంది. అయితే దేనికైనా మితం ఉండాలిగా! ఇప్పపువ్వు ఏరడానికి కింద శుభ్రంగా ఉండాలనీ, తునికి లేత చిగురు బాగా వేయాలనీ ఏటేటా ఆకుకి నిప్పు పెడితే, పలచటి బెరడున్న జాతుల పిల్లమొక్క ఒక్కటీ బతకదు. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి అడవి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తాతలూ అమ్మమ్మలూ తప్ప పసిపిల్లలు లేని ఊరు ఎన్నాళ్ళు ఊరుగా ఉంటుందీ?

అయిదో సంగతి విత్తనం మోసేవాళ్ళు. మద్ది, ఏగిస, ఎర్రచందనం కాయలకి రెక్కలుంటాయి. ఎర్రచందనం కాయయితే అచ్చం చిన్న అప్పడంలా ఉంటుంది, గాలి ఎగరేసుకుపోతుంది. ఉసిరికి రెక్కలు లేవు. దుప్పి ఆ కాయ మింగి, నెమరేసుకునేటప్పుడు గింజని ఇంకో చోట ఉమ్మేస్తుంది. తునికి పండుని ఎలుగు తింటుంది, ఇప్ప పండు కోసం గబ్బిలాలు వస్తాయి, నేరేడు పిట్టలకిష్టం. ఈ మోత ఎందుకింత ముఖ్యమంటే, తల్లి చెట్టు కింద పిల్లమొక్క బతకడం కష్టం. ఒక జాతికి పట్టే పురుగూ తెగులూ ఆ జాతి పెద్ద చెట్టు దగ్గరే కాపురం ఉంటాయి. దూరంగా పడ్డ గింజకి ఆ గండం తక్కువ. 1970లో డానియల్ జాన్‌జెన్, 1971లో జోసెఫ్ కానెల్ అనే శాస్త్రజ్ఞులు విడివిడిగా ఈ మాట చెప్పారు. ఉష్ణదేశపు అడవుల్లో ఒకే జాతి అంతా ఆక్రమించకుండా పది రకాలు కలిసి ఉండటానికి ఇదొక కారణమని వారి వాదన. అంటే దుప్పీ ఎలుగూ వేటకి పోతే పోయేది జంతువులే కాదు. కొన్నాళ్ళకి ఆ మోతవాళ్ళ మీద ఆధారపడిన చెట్లూ పలచబడతాయి.

ఇక ఆరో సంగతి మనిషి. మన్యం కొండల్లో తరతరాలుగా పోడు ఉంది. కొంత అడవి నరికి, కాల్చి, రెండు మూడేళ్ళు సామలూ రాగులూ కందులూ పండించి, ఆ చెక్క వదిలేసి ఇంకో చెక్కకి పోవడం. వదిలిన చోట మళ్ళీ అడవి లేస్తుంది. ఐతే నరికేటప్పుడు కొండరెడ్లుగాని కోయలుగాని కొన్ని చెట్ల జోలికి పోరు. మామిడి, చింత, పనస, ఇప్ప, జీలుగు — వీటిని వదిలేస్తారు. ఇవి తిండి పెట్టే చెట్లు. అలా తరాల తరబడి జరిగితే ఆ కొండమీద ఏ జాతులు ఎక్కువవుతాయో మీరే చెప్పండి. అక్కడి అడవిలో వానా రాయీ ఎంతుందో ఆ ఇల్లాళ్ళ వంటింటి ఎంపిక కూడా అంతుంది. కాని పోడు చెక్కకి మళ్ళీ తిరిగి రావడానికి చాలినన్ని ఏళ్ళు గడువివ్వాలి. జనం పెరిగి, భూమి తరిగి, ఆ గడువు తగ్గిపోతే లేచేది అడవి కాదు, తుప్పలూ గడ్డీ.

ఈ చెట్లకోసం చరిత్రలో పోట్లాటలే జరిగాయి. 1879లో రంప ప్రాంతంలో లేచిన తిరుగుబాటుకి ఒక కారణం జీలుగు చెట్టు. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుమీద కూడా పన్ను వేశారు మరి! 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, పోడుకి అడ్డుకట్టలు పడ్డాయి. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదిలిందంటే అడవిమీద హక్కు పోయిన బాధ కూడా అందులో ఉంది. ఆ హక్కుల్ని గుర్తించే చట్టం దేశానికి 2006లో గాని రాలేదు.

దొరల కాలంలో అడవిని టేకు గజాల్లోనూ, రైలు పట్టాల కింద వేసే సాల దుంగల్లోనూ కొలిచారు. తర్వాత మనవాళ్ళూ చాలాచోట్ల రకరకాల చెట్ల అడవి తీసేసి వరసగా ఒకే జాతి వేశారు. టేకు, జామాయిల్ తోటలు అలా వచ్చినవే. అరకు వైపు కాఫీకి నీడనిస్తూ బారులు తీరిన సిల్వర్ ఓక్ చెట్లు ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి. కాఫీ గిరిజన కుటుంబాలకి నాలుగు డబ్బులు తెచ్చిపెడుతోంది, కాదనను. అలాగే జామాయిల్‌కి దాని ఉపయోగం దానికుంది. కాని దూరం నుంచి పచ్చగా కనిపించేదంతా అడవే అనుకోకూడదు. జామాయిల్ తోటలో ఎలుగుకి పండేదీ? గిరిజన స్త్రీ వేసవిలో గంప పట్టుకుని వెళ్తే అందులో ఏం వేసుకుని వస్తుంది? ఇప్పపువ్వు ఒక నెల, తునికాకు ఒక నెల, చింతపండు ఒక నెల, ఉసిరీ కరక్కాయా ఇంకో కాలంలో — పది రకాల చెట్లుంటేనే ఆ ఇంట్లో పన్నెండు నెలలూ పొయ్యి వెలుగుతుంది. రకాలు తగ్గితే ముందు ఖాళీ అయ్యేది ఆవిడ గంపే.

మన దాకా రావడానికీ ఎంతోకాలం పట్టదు. కొండపల్లి పనివారికి పొణికి కర్ర దగ్గర్లో దొరకడం కష్టమైపోయింది, దూరాల నుంచి తెచ్చుకోవలసి వస్తోంది. ఆ చెట్టు మెత్తది, నెమ్మదిగా తేరుకుంటుంది. కొట్టినంత వేగంగా మళ్ళీ రాదు. ఎర్రచందనం సంగతి పత్రికల్లో చూస్తూనే ఉన్నాం, దొంగ రవాణాకి అంతు లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. 'పోతే ఇంకోచోట నాటుకుందాంలే' అనేవాళ్ళుంటారు. నాటచ్చు. చెట్టు నాటచ్చుగాని, ఆ రాయీ ఆ వానా ఆ నిప్పూ ఆ జంతువులూ కలిసి ఎన్నో వేల ఏళ్ళుగా వేసిన పొత్తుని ఎక్కడ నాటుతాం?

పట్నంలో ఉండే ఇల్లాళ్ళం, మనమేం చేయగలం అంటారా? చిన్న పనులే చెప్తాను.

కార్తీకమాసంలో వనభోజనాలకి కొండల వైపు వెళ్తే పొయ్యి ఆర్పి, నీళ్ళు చల్లి, బూడిద చల్లారిందాకా ఉండి మరీ కదలండి. ఎండాకులమీద ఒక్క నిప్పురవ్వ చాలు. కాయల కోసం ఉసిరి కొమ్మ విరవనివ్వకండి. విరిగిన కొమ్మ వచ్చే ఏడు కాయ ఇవ్వదు. తేనె, కుంకుడుకాయ, చింతపండు కొనేటప్పుడు, గిరిజనుల దగ్గర సరుకు కొనేందుకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దుకాణం మీ ఊళ్ళో ఉంటే అక్కడ చూడండి. అడవిలో చెట్టు నిలబడి ఉంటేనే ఆదాయం అనిపిస్తే, దానిమీద గొడ్డలి వెయ్యాలన్న ఆలోచన వెనక్కి పోతుంది. ఎర్రచందనం బొమ్మ కొంటే ప్రభుత్వం గుర్తించిన దుకాణంలో, రశీదు అడిగి కొనండి. దొంగ దుంగకి మన డబ్బు చేరకూడదు.

ఇంకొకటి. ప్రతి వానాకాలం మొక్కల పండుగ చేస్తారు. పిల్లల బళ్ళో, మన కాలనీలో ఇన్ని వేల మొక్కలు నాటామని బోర్డు పెడతారు. సంతోషమే. ఆ సభకి వెళ్ళినప్పుడు సిగ్గుపడకుండా లేచి ఒక్క ప్రశ్న అడగండి: 'ఎన్ని నాటారో చెప్పారు. ఏవేం నాటారు? ఈ నేలకీ ఈ వానకీ తగినవేనా?' కూరగాయలవాడి దగ్గర ఇది ఏ ఊరి వంకాయ అని నిలదీసే మనకి ఈ ప్రశ్న అడగడం ఏమంత కష్టం కాదు. సమాధానం తెలియకపోతే తెలుసుకుని రమ్మనండి. అడిగేవాళ్ళున్నారని తెలిస్తే, మరుసటేడు గుంటలో పెట్టే మొక్క మారుతుంది.